ఇటలీ కజ్జికాయ

పోయిన దసరా సెలవులకు బెంగళూరు నుంచి వచ్చిన మా మనవరాలు, మూడో నాటి సాయంత్రం వంటింటి గడప మీద కూర్చొని, "అజ్జీ, ఇవత్తు రాత్రి కాల్జోనె మాడోణవా?" అని అడిగింది. ఈ రాత్రికి కాల్జోనె చేసుకుందామా అని. ఆ వంటకం పేరు వినడం నాకు అదే మొదలు. కానీ ఆ పిల్ల తనంతట తానుగా నన్నొకటి అడిగి రెండేళ్ళయింది. అందుకని అదేమిటో తెలియకుండానే "చేద్దాం లేవే" అనేశాను.

ఆ రెండేళ్ళ సంగతి ముందుగా చెప్పాలి. నేను ఈ ఊళ్ళోనే ఒక బడిలో 32 ఏళ్ళు తెలుగు చెప్పి 2014లో రిటైరయ్యాను. ఆ ఏడు నవంబరు 1నే మా ఊరి పేరు ఇంగ్లీషులో కూడా బళ్ళారి అయింది. నేను చేరిన ఏట తెలుగు తరగతిలో బెంచీలు చాలక పిల్లలు కింద కూర్చొనేవాళ్ళు. దిగిపోయిన ఏట తొమ్మిది మంది ఉన్నారు. నా తరువాత మరొకరిని వెయ్యలేదు. పిల్లలు లేనిదే టీచరు ఎందుకన్నారు, టీచరు లేనిదే పిల్లలు ఎట్లా వస్తారని మేమన్నాము. అంతటితో ఆ సెక్షను మూతపడింది.

నా కొడుకు ఏడో తరగతి దాకా తెలుగులోనే చదివాడు. ఉద్యోగం బెంగళూరులో. కోడలిది ధారవాడ వైపు, ఇంటి భాష కన్నడం. మంచి పిల్ల, నన్ను ఏనాడూ ఒక మాట అన్నది కాదు. వాళ్ళింట్లో కన్నడం, ఇంగ్లీషు నడుస్తాయి. మనవరాలికి తెలుగు వింటే కొంత తెలుస్తుంది, నోట మాట రాదు. పదిమంది పిల్లలకు అక్షరాలు దిద్దబెట్టిన దాన్ని, సొంత ఇంట్లో ఇట్లా అయిందేమిటని నాకు లోపల ఉడుకు. రెండేళ్ళ కిందట వేసవిలో వచ్చినప్పుడు పలక, చారల నోటుబుక్కు, వాచకం అన్నీ సిద్ధం చేసి పెట్టుకున్నాను. పొద్దున్నే గంట సేపు ఓనమాలు. "అజ్జి అనవద్దు, అవ్వా అని పిలువు" అని రోజూ సతాయింపు. ఒకనాడు 'ఋ' పదిసార్లు రాయించినా కుదరలేదు. "తెలుగు పంతులమ్మ మనవరాలివి, నలుగురూ వింటే నవ్వుతారు" అని గొంతు పెంచాను. పాప ఏడ్చింది. ఆ రాత్రి వాళ్ళ నాయనకు ఫోను చేసి వచ్చి తీసుకుపొమ్మంది. మరుసటి వేసవికి రాలేదు. ఈత క్లాసులున్నాయని కొడుకు చెప్పాడు. ఎందుకు రాలేదో నాకు తెలుసు.

అందుకే ఈసారి దసరాకు వస్తుందని తెలియగానే వాచకాన్ని బీరువా పైఅరలో పెట్టి తలుపు వేశాను. మూడు రోజులుగా మా ఇద్దరి నడుమ "అన్నం తిన్నావా", "నిద్ర వచ్చిందా" తప్ప మాటలు లేవు. అట్లాంటప్పుడు వచ్చింది ఈ కాల్జోనె.

"అట్లంటే ఏందే?" అన్నాను. పాప పాలపాకెట్టు మీద పెన్నుతో బొమ్మ వేసి చూపించింది. అర చంద్రుడిలా ఒక వంపు, వంపు పొడుగునా చిన్న చిన్న మడతలు. "ఓసి, ఇది కజ్జికాయ కదే!" అన్నాను. "అల్ల అజ్జీ, కర్జికాయి సిహి, ఇదు ఖార" అంది. కజ్జికాయ తీపి, ఇది కారం, అంతే తేడా అట. ఇటలీ దేశంలో నేపుల్సు అనే ఊరి వంట. పిజ్జాకు కలిపే పిండినే గుండ్రంగా ఒత్తి, సగం మీద కూర పెట్టి, మిగతా సగం దాని మీదికి మడిచి, అంచు మూసి కాలుస్తారు. స్నేహితురాలి పుట్టినరోజుకు తిన్నదట.

కజ్జికాయ అంటే నాకు ఆదోని. మా అమ్మ పుట్టిల్లు ఆదోని, నాయనది బళ్ళారి. వాళ్ళ పెళ్ళినాటికి రెండూ ఒకే జిల్లా. 1953లో జస్టిస్ ఎల్.ఎస్. మిశ్రా నివేదిక వచ్చాక బళ్ళారి తాలూకా మైసూరుకు పోయింది. ఆదోని, ఆలూరు, రాయదుర్గం తాలూకాలు అక్టోబరు 1న కొత్త ఆంధ్ర రాష్ట్రంలో కలిశాయి. ఆ మరుసటి ఏడు నేను పుట్టాను. మా అమ్మ పుట్టింటికి పోవడమంటే పక్క రాష్ట్రానికి పోవడమయింది. ప్రతి దీపావళికి అవ్వ అక్కణ్ణుంచి ఒక డబ్బా కజ్జికాయలు పంపేది. పుట్నాల పప్పు, నువ్వులు దంచి, ఎండుకొబ్బరి కోరు, బెల్లం, ఏలకులు కలిపిన పూర్ణం. చెక్కతో చేసిన అచ్చు ఉండేది, పుస్తకంలా తెరిచి మూసేది. ఆ డబ్బా మూత తీసినప్పుడు వచ్చే వాసనకు రాష్ట్రాల లెక్క తెలిసేది కాదు. మా మేనత్త దాన్నే కర్జికాయ అనేది, కన్నడం వాళ్ళు కర్జికాయి అంటారు. మరాఠీ వాళ్ళకు కరంజి, తమిళులకు సోమాసి, ఉత్తరాదిన గుజియా, గోవాలో నెవ్రి. ఇంగ్లండులో కార్నిష్ పేస్టీ ఉంది, స్పెయిను వాళ్ళకు ఎంపనాడా ఉంది. పిండిని మడిచి లోపల ఏదో దాచిపెట్టాలన్న బుద్ధి పుట్టని దేశం తక్కువేమో.

సరే, చేద్దామనుకున్నాక చూస్తే మా ఇంట్లో ఓవెన్ లేదు. నేపుల్సులో కట్టెలు మండించే ఇటుకల పొయ్యిలో, నాలుగు వందల డిగ్రీలు దాటిన వేడిలో పిజ్జాలు కాలుస్తారట. మా కంటోన్మెంటులో నాకున్నది రెండు బర్నర్ల గ్యాసు స్టవ్వు, నల్లబడిన పెనం ఒకటి.

అయితే కంటోన్మెంటుకు పులిసిన రొట్టె కొత్తది కాదు. 1800లో నిజాము మన మండలాలను ఇంగ్లీషు వాళ్ళకు దత్తం చేసిన తరువాత బళ్ళారి పెద్ద దండు ఊరయింది. తెల్ల సిపాయిలున్న చోట రొట్టె పొయ్యిలు కూడా వెలుస్తాయి. మొదటి ప్రపంచ యుద్ధంలో పట్టుబడిన తుర్కీ ఖైదీలను కూడా కొందరిని ఇక్కడ ఉంచారు. దండు పోయింది. బ్యారకుల పేర్లు, కంటోన్మెంటు రైల్వే స్టేషను, కౌల్ బజారు మిగిలాయి. నా చిన్నతనంలో జ్వరం వస్తే నాయన కౌల్ బజారు నుంచి కాగితంలో చుట్టిన బ్రెడ్డు తెచ్చేవాడు. దాన్ని మేము డబల్ రొట్టె అనేవాళ్ళం. వేడివేడిగా ఉన్నప్పుడు కల్లు వాసనలాంటి పులుపు వాసన వచ్చేది. అది ఈస్టు వాసన అని ఆ సాయంత్రం దాకా నాకు తట్టలేదు.

పాపను వెంటబెట్టుకొని బేకరీకి పోయాను. కేకు కోసం వచ్చామనుకున్నాడు కుర్రాడు. ఈస్టు కావాలంటే నన్నూ పాపనూ చూసి, చిన్న పొట్లం కట్టి ఇచ్చాడు. "నీళ్ళు మరీ వేడిగా పోసేరు అజ్జీ, చచ్చిపోతుంది" అన్నాడు. అది ప్రాణమున్న వస్తువని పాపకు అప్పుడే తెలిసింది. దారి పొడుగునా ఆ పొట్లాన్ని రెండు చేతులా పట్టుకొని నడిచింది.

ఇంట్లో ఓవెన్ లేని వాళ్ళు కూడా చేసుకోగలరు గనుక కొలతలు చెబుతాను. ఆరు కాయలకు అర కిలో మైదా. గోరువెచ్చని నీళ్ళు 300 మిల్లీలీటర్లు, అంటే మామూలు గ్లాసుతో గ్లాసున్నర. ఆ నీళ్ళలో చిన్న చెంచాడు చక్కెర, చిన్న చెంచాడు ఈస్టు వేసి పది నిమిషాలు పక్కన పెట్టాలి. పైన నురుగు కట్టితే ఈస్టు బతికి ఉన్నట్టు. కట్టకపోతే పిండి పాడుచేసుకోవద్దు, మరో పొట్లం తెచ్చుకోవాలి. మైదాలో రెండు చిన్న చెంచాల ఉప్పు, రెండు పెద్ద చెంచాల నూనె కలిపి, ఆ నీళ్ళు పోసి, పది నిమిషాలు బాగా మర్దించాలి. చపాతీ పిండి కంటే మెత్తగా, చేతికి కొంచెం అంటేటట్టు ఉండాలి. తడిగుడ్డ కప్పి గంటన్నర వదిలేస్తే రెండింతలు పొంగుతుంది.

మర్దించడం పాపకు ఇచ్చాను. మొదట వేళ్ళతో గిల్లింది. "అరచేతి మడమతో తొయ్యి, మళ్ళీ మడుచుకో, మళ్ళీ తొయ్యి" అన్నాను. "మడమ అందరె?" అంది. కాలి వెనుక భాగం చూపించాను. "ఓ, హిమ్మడి!" అంది. మడమ, హిమ్మడి. ఇద్దరమూ ఆ రెండు మాటలనూ ఒకసారి అనుకొని చూశాము. తరువాత తొయ్యడం కుదిరింది.

పిండి పొంగేదాకా ఏం చెయ్యాలి? వరండాలో కూర్చున్నాము. పక్కింటామె అక్కడే మెషిను వేసుకొని కుడుతూ ఉంది. ఆమెది దర్జీల కుటుంబం. వాళ్ళ పెద్దలు దండు సిపాయిలకు దుస్తులు కుట్టేవారట. ఇప్పుడు ఆమె జీన్సు పాంట్లు కుడుతుంది. బళ్ళారి జీన్సు అంటే దేశంలో చాలాచోట్లకు పోయే సరుకని మీకు తెలుసు. మా చుట్టుపక్కల ఎన్నో ఇళ్ళలో పొద్దున్నుంచి రాత్రిదాకా ఆ మెషిన్ల చప్పుడే. ఒక ఇంట్లో జేబులు కుడితే మరొక ఇంట్లో జిప్పులు, ఇంకొక చోట గుండీలు. మా పక్కింటామెది కాలి అంచులు మడిచి కుట్టే పని. ఉర్దూ, కన్నడం, తెలుగు మూడూ కలిపి మాట్లాడుతుంది.

పాప అప్పుడు ఒక వింత చెప్పింది. ఇటలీ భాషలో కాల్జోని అంటే పంట్లాము అట. కాల్జోనె అన్నది ఆ మాటకే ఏకవచనం, ఒక్క కాలు అన్నట్టు. మూలం మేజోడు అని అర్థమిచ్చే కాల్జా. పిండిముద్ద పంట్లాం కాలులా వేలాడుతుందని ఆ పేరు పెట్టారేమో. జీన్సు అనే మాట కూడా ఇటలీ నుంచి వచ్చిందేనని నేను ఎప్పుడో చదివాను. జెనోవా రేవు పట్నాన్ని ఫ్రెంచివాళ్ళు జెన్ అంటారు, అక్కణ్ణుంచి వచ్చే మందపాటి బట్టకు ఆ పేరు నిలిచింది. ఇది చెబితే పక్కింటామె మెషిను ఆపి, "అయితే టీచరమ్మా, మేము ఇన్నేళ్ళుగా ఇటలీ పేరే కుడుతున్నామన్నమాట, మీరు ఈ రాత్రికి ఇటలీ పంట్లాం తింటారన్నమాట" అని పకపకా నవ్వింది. పాప కూడా నవ్వింది. ఆ వచ్చినప్పటి నుంచి నేను విన్న మొదటి నవ్వు అది.

ఇక లోపలి కూర. నేపుల్సువాళ్ళు రికోటా అనే మెత్తని జున్ను పెడతారు. మనకు విరగ్గొట్టిన పాలు ఉన్నాయి. లీటరున్నర పాలు కాచి నిమ్మకాయ పిండి, విరిగిన తరువాత గుడ్డలో మూటగట్టి కుళాయికి వేలాడదీశాను. నాలుగు టమాటాలు, రెండు ఉల్లిగడ్డలు, నాలుగు వెల్లుల్లి రెబ్బలు, రెండు వంకాయలు సన్నగా తరిగి నూనెలో వేయించాము. ఇక్కడొక జాగ్రత్త ఉంది. టమాటా నీళ్ళు పూర్తిగా ఇగిరిపోవాలి. గరిటె గీస్తే మూకుడు అడుగు కనబడి, గీత అలాగే నిలవాలి. తడి మిగిలితే కాయ అడుగు నాని చిరుగుతుంది. కారానికి మా బజారులో దొరికే బ్యాడగి మిరపకాయ కచ్చాపచ్చాగా దంచి వేశాను. రంగు ఎక్కువ, మంట తక్కువ. టమాటా గాని, మిరప గాని అమెరికా ఖండం నుంచి ఇవతలికి వచ్చి సుమారు అయిదు వందల ఏళ్ళే. అవి రాకముందు ఇటలీవాళ్ళకు ఆ ఎర్ర కూర లేదు, మనకు ఎర్ర కారమూ లేదు.

ఓరెగానో అనే ఆకు వెయ్యాలని పాప పట్టుబట్టింది. ఎట్లాంటి వాసన అంటే చెప్పలేకపోయింది. పెరట్లోకి తీసుకుపోయి, తొట్టిలో ఉన్న వామాకు తుంచి నలిపి ముక్కు దగ్గర పెట్టాను. కళ్ళు పెద్దవి చేసి "ఇదే!" అంది. తెలుగులో. తానేమన్నదో తనకు తెలియలేదు. నేనూ ఏమీ అనలేదు. ఆ రెండు ఆకుల్లో వాసన ఇచ్చే నూనె దాదాపు ఒకే జాతిదని తరువాత చదివాను.

కూర వేగుతూ ఉండగా పాప ఒక్కొక్క గిన్నె చూపించి అడగసాగింది. "ఇదక్కె తెలుగునల్లి ఏను?" దీన్ని తెలుగులో ఏమంటారు? నేను అడగమనలేదు. పాలు అన్నాను. హాలు అంది. పువ్వు, హూవు. పులి, హులి. వెన్న, బెణ్ణె. కాసేపటికి ఆ పిల్లకే సూత్రం దొరికింది. మనం 'ప' అన్నచోట కన్నడం 'హ' అంటుంది. పాత కన్నడంలో అదీ 'ప'గానే ఉండేదనీ, హళగన్నడం చదివేటప్పుడు కనబడుతుందనీ చెప్పాను. సూత్రం దొరికిన సంబరంలో పప్పు డబ్బా చూపి, "హాగాదరె ఇదు హప్పు!" అంది. అది బేళె అవుతుందని చెబితే కాస్త చిన్నబోయి, మళ్ళీ ఉప్పు చూపించింది. ఉప్పు ఉప్పే, రెండింటిలోనూ. 32 ఏళ్ళు పాఠం చెప్పిన నాకు ఒక సంగతి అప్పుడు తెలిసింది. రెండేళ్ళ కిందట నేను ఆ పిల్లను 'ఋ' దగ్గర కూర్చోబెట్టాను. 'ఋ'తో మొదలయ్యే వస్తువు మా వంటింట్లో ఒక్కటీ లేదు.

పిండి పొంగింది. ఆరు ముద్దలు చేసి, అప్పడాల కర్రతో జానెడు వెడల్పున ఒత్తాము. అమ్మ ఇచ్చిన కజ్జికాయల అచ్చు అటక మీది నుంచి దించాను గాని, అది ఈ పిండికి చాలలేదు. చెయ్యే గతి. సగం మీద కూర, చిదిమిన విరుగుడు, తురిమిన చీజు పెట్టి, అంచు చుట్టూ వేలెడు మేర ఖాళీ వదిలి, తడి చేసి, మడిచి ఒత్తాను. చూడటానికి బాగానే ఉంది. పెనం మీద పెట్టగానే మూల విచ్చుకొని కూర అంతా బయటికి వచ్చి మాడింది. రెండోదీ అంతే. పాప ముఖం వాడింది. నాకూ చెయ్యి ఆడలేదు. ఈ ఒక్క పనీ చెడితే మళ్ళీ రేపటి నుంచి "అన్నం తిన్నావా" దగ్గరికే పోతామని భయమేసింది.

మాడిన వాసనకు పక్కింటామె తొంగి చూసింది. జరిగింది చూసి, "ఒక్క మడత వేస్తే ఎట్లా నిలుస్తుంది టీచరమ్మా? పాంటు కాలికి ఎప్పుడూ రెండు మడతలు" అంది. చేతులు కడుక్కొని వచ్చి కూర్చుంది. అంచును ఒకసారి ఒత్తి, అదే అంచును మళ్ళీ లోపలికి చుట్టి, బొటనవేలితో ఒక్కొక్క మడత మీద మరొక మడత వేస్తూ పోయింది. కొసను కిందికి దోపింది. అవ్వ కజ్జికాయల అంచు ఇట్లాగే ఉండేది, అచ్చు విరిగిన ఏడు చేత్తో చేసి పంపినప్పుడు. నాకు చూసిన గుర్తే గాని వేళ్ళకు రాలేదు. ఇప్పుడు వచ్చింది. మూడోది ఆమె, నాలుగోది నేను, మిగిలిన రెండూ పాప. పైన చాకు మొనతో చిన్న గాట్లు పెట్టాలి, లేకుంటే ఆవిరి దారి వెతుక్కుని అంచునే చీలుస్తుంది. పైన కాస్త పాలు పూస్తే రంగు వస్తుంది.

కాల్చడం ఇట్లా. అడుగు మందంగా ఉన్న పెద్ద గిన్నెలో అంగుళం మేర కల్లుప్పు పోసి, పైన స్టాండు పెట్టి, మూత మూసి పది నిమిషాలు పెద్ద సెగన వేడెక్కించాలి. నూనె రాసిన పళ్ళెంలో కాయలు ఉంచి స్టాండు మీద పెట్టి, మూత గట్టిగా మూసి, నడి సెగన ఇరవై అయిదు నిమిషాలు. నడుమ మూత తెరవకూడదు. అంత గిన్నె లేకపోతే పెనం మీద మూత పెట్టి, సన్నని సెగన ఒక్కో వైపు ఎనిమిది పది నిమిషాలు కాల్చినా సరిపోతుంది. మేము రెండు గిన్నెలో, రెండు పెనం మీద చేశాము. గిన్నెలోవి బాగా పొంగాయి. పెనం మీదివి కరకరలాడాయి. నాకు పెనం మీదివే నచ్చాయి.

రాత్రి తొమ్మిదయింది తినేసరికి. నాలుగు కాయలు, నలుగురం. నేను, పాప, పక్కింటామె, ఆమె కొడుకు. వరండాలోనే కూర్చున్నాము. తుంచగానే ఆవిరి లేచింది, చీజు తీగలా సాగింది. పాప చేసిన రెంటిలో ఒకటి నా పళ్ళెంలో వచ్చింది. అంచు ఒకచోట మందంగా ఉండి లోపల పచ్చిగా ఉంది. అది కూడా వదలకుండా తిన్నాను. మొదట చెడిపోయిన రెండింటినీ పాప గీరి గీరి తిని, అవే బాగున్నాయంది.

పడుకునే ముందు పాప ఒక నోటుబుక్కు తెచ్చి చూపించింది. చేసిన పద్ధతంతా రాసుకుంది. వాక్యాలు ఇంగ్లీషులో ఉన్నాయి. నడుమ నడుమ తెలుగు మాటలు, కన్నడ అక్షరాల్లో. మడమ, పాలు, వెన్న, మూకుడు, చిదమడం, వామాకు, అంచు. బళ్ళారిలో పుట్టి పెరిగిన దాన్ని, నాకు రెండు లిపులూ ఒక్కటే. ఇరవై రెండు తెలుగు మాటలు లెక్కపెట్టాను. ఒక్కటీ తప్పు లేదు.

ఎర్ర పెన్ను తీసుకొని దిద్దే అలవాటున్న చెయ్యి ఇది. ఎంత కష్టంగా ఆపుకున్నానో నాకే తెలుసు. ఒక్క మాట మాత్రం అడిగి, అనుమతి తీసుకొని, 'ఉప్పు' అన్న దాని పక్కన తెలుగులో 'ఉప్పు' రాశాను. పాప రెండింటినీ పక్కపక్కన చూసి, "అయ్యో, ఇదు అదే అల్వా?" అంది. అదే కదా. కొన్ని వందల ఏళ్ళ కిందటి దాకా రెండు భాషలకూ ఉన్నది ఒక్క లిపి. పండితులు దాన్ని తెలుగు-కన్నడ లిపి అనే అంటారు. అ, గ, డ, ద, న, బ, మ, ర, ల ఇప్పటికీ దాదాపు అవే. కన్నడం వాళ్ళు తల మీద అడ్డగీత పెడతారు, మనం తలకట్టు పెడతాము. క, త, చ, హ లాంటివి కొన్ని మాత్రం వేరు దారి పట్టాయి. "అంటే నాకు సగం వచ్చేసిందా?" అని అడిగింది కన్నడంలోనే. సగం కంటే ఎక్కువే వచ్చిందన్నాను.

ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు. మా ఊరి రాఘవ గుర్తుకొచ్చాడు. వకీలు వృత్తిలో ఉంటూ తెలుగు నాటకానికి ఊపిరి పోసిన బళ్ళారి రాఘవ, కన్నడంలోనూ ఇంగ్లీషులోనూ కూడా ఆడాడు. 1946లో పోయిన ఆయన ఈ సరిహద్దు గీత చూడలేదు. గీత పడిన తరువాత పుట్టినవాళ్ళం మేము. తెలుగు పోతుందేమోనని భయపడుతూ బతికాము. బడి మూతపడినప్పుడు అర్జీలు పెట్టాము, అది పెట్టవలసిందే. కానీ ఇంట్లో కూడా నేను అర్జీ పెట్టినట్టే మాట్లాడానని ఇప్పుడు అనిపిస్తుంది. ఎనిమిదేళ్ళ పిల్ల దగ్గర హక్కు అడిగాను. అవ్వా అని పిలవలేదని అలిగాను. ధారవాడ వైపు అవ్వ అంటే అమ్మ. కోడలు వాళ్ళ అమ్మను అవ్వా అనే పిలుస్తుంది. పాప చెవిలో ఆ మాట అప్పటికే మరొకరిది. నేను ఏనాడూ కారణం అడగలేదు. ఈసారి కోడలితో ఫోనులో మాట్లాడుతూ ఉంటే తెలిసింది.

కోడలే చేసింది ఆ ఫోను, పాప వెళ్ళిన వారానికి. "అత్తే, ఈ పిల్ల నా చపాతీ పిండి చూసి మడమతో తొయ్యాలంటుంది, మడమ అంటే ఏమిటి?" అని. చెప్పాను. "అంచు రెండు మడతలు వెయ్యాలంటుంది. అంచు మాకూ అంచే, అది తెలిసింది" అని నవ్వింది. మూకుడు అంటే ఏమిటో, చిదమడం అంటే ఏమిటో కూడా చెప్పించుకుంది. ఈ పన్నెండేళ్ళలో మేమిద్దరం అంతసేపు మాట్లాడుకున్నది లేదు.

ఇప్పుడు ఆదివారం ఆదివారం పాప ఫోను చేస్తుంది. ఒక వంట, పది మాటలు. ఉగ్గాని అయింది, గుత్తి వంకాయ అయింది, జొన్నరొట్టె అయింది. వారం నడుమ వాళ్ళ నాయన ఫోనులో నోటుబుక్కు పేజీ ఫోటో పంపిస్తాడు. అక్షరాలు ఇంకా కన్నడమే. రెండు వారాల నుంచి కొన్నింటికి అడ్డగీత కొట్టేసి తలకట్టు పెట్టింది. 'మ' మీద ఒకటి పక్కకు ఒరిగి ఉంది. నేను దిద్దలేదు. నన్ను ఇంకా అజ్జీ అనే పిలుస్తుంది. దాన్నీ దిద్దలేదు.

బడి తిరిగి తెరుస్తారన్న ఆశ నాకు లేదు. ఈ నోటుబుక్కు ఆ బడికి బదులు కాదని కూడా తెలుసు. ఒక పిల్ల, పది మాటలు, ఆదివారం. లెక్క చిన్నదే.

వచ్చే సంక్రాంతికి వస్తున్నారట, కోడలు కూడా. ఏం చేద్దామని అడిగితే మళ్ళీ కాల్జోనెలే అంది పాప. పక్కింటామెకు ముందే చెప్పి ఉంచాను, అంచులకు ఆమె లేనిదే పని జరగదు. అటక మీదికి ఎక్కించిన అచ్చును కిందికి దించి చింతపండుతో తోమి ఎండబెట్టాను, అవ్వ చేసే తీపివి కూడా ఒక డబ్బా చేద్దామని. ఈసారి మనుషులు ఎక్కువ, అర కిలో పిండి చాలదు. కిలో తెప్పించాను.